కడియమా, బెల్టా

రోజు 2,206

రిపేరు బల్ల దగ్గరికి వచ్చిన సామాన్ల గురించి రాయమని ఈ చిట్టా ఇచ్చారు. ఆరేళ్ళుగా రాస్తున్నాను, ఒక్కరు తెరిచి చూసిన పాపాన పోలేదు. కాబట్టి ఇవాళ్టి నుంచి నా ఇష్టం వచ్చినట్టు రాస్తాను.

పొద్దున్న వడ్డన కమిటీ పెద్ద రత్నంగారు మూడు అట్టపెట్టెలు తెచ్చి బల్ల మీద పెట్టారు. మొన్నటి ఓడలో భూమి నుంచి వచ్చాయట. మూడూ గుండె కొట్టుకోవడం లెక్కపెట్టేవే. ఒకటి, ఇప్పుడు ఊళ్ళో అందరి చేతికీ ఉన్న కడియంలోనే కొత్త రకం. ఒకటి చెవికి పెట్టుకునే దుద్దు. ఇంకొకటి ఛాతీకి కట్టుకునే బెల్టు. వీటిలో ఏది కచ్చితమో పది రోజుల్లో తేల్చి చెప్పమన్నారు. నేను ఏది చెబితే లోపలూరులో మూడు వందల పన్నెండు మందికీ అదే ఇక్కడే తయారుచేసి ఇస్తారట. "నీ మాటే ఆఖరు మాట తాయారమ్మా," అన్నారు. ఇన్నాళ్ళూ నా మాట ఎవరు విన్నారు గనక అని లోపల గొణుక్కున్నాను గానీ, నిజం చెప్పాలంటే కాస్త గర్వంగానే ఉంది.

రోజు 2,207

మస్తాన్‌బీ వచ్చింది. ఆకుకూరల సొరంగంలో మట్టి బళ్ళు తోసే పిల్ల. ఆమె పాపకి నాలుగో నెల. అసలు ఈ కొత్త యంత్రాల గొడవ లేవదీసింది ఆమే.

మన ఊళ్ళో పొద్దుటి పూట తిండి అందరికీ సమానం. రెండో పూట మాత్రం ఎవరెంత ఒళ్ళు కరిగించారని కడియం చెబితే అంత. నాలుగు వందల కేలరీలకి నిండు పళ్ళెం, రెండు వందలకి సగం. మస్తాన్‌బీకి ఏ రోజూ సగం కూడా రావడం లేదు. చంటిదానికి పాలు చాలడం లేదు. కమిటీకి మొరపెట్టుకుంటే బండి బద్ధకంగా తోస్తున్నావన్నారట.

తోసిన బరువో, నడిచిన దూరమో చూసి పెట్టొచ్చుగా అని ఒకప్పుడు నేనూ అడిగాను. లావుపాటివాడికీ బక్కవాడికీ ఒకే దూరానికి ఒకేలా కరగదు, గుండె అయితే అబద్ధం చెప్పదు అన్నారు. సరే కాబోలు అనుకున్నాను.

ఇవాళ ఆ పిల్ల చేత బండి తోయించి, పక్కనే నడుస్తూ మెడ మీద రెండు వేళ్ళు పెట్టి, గడియారం చూస్తూ లెక్కపెట్టాను. నిమిషానికి నూట ముప్పై తొమ్మిది. బెల్టు నూట నలభై అంది. కడియం ఎనభై రెండు అంది, కొత్తదీ అంతే. విషయం ఏమిటంటే, బండి పిడి బిగించి పట్టుకుంటే మణికట్టు బిగుసుకుంటుంది, కడియంలోని పచ్చ వెలుతురుకి నెత్తురు కదలిక కనబడదు. అది చెప్పగానే మస్తాన్‌బీ అక్కడే మట్టిలో కూలబడింది.

"నేనే బద్ధకంగా తోస్తున్నానేమో అనుకున్నా అక్కా. అందుకని రోజురోజుకీ ఇంకా గట్టిగా పట్టుకుని తోస్తున్నా," అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక కడియాన్ని బల్ల మీద విసిరికొట్టాను. దానికేం కాలేదు.

రోజు 2,208

దుద్దు పనికిరాదు. మాట్లాడితే ఊడిపోతుంది, చెమట పడితే మూగబోతుంది. మన ఆడవాళ్ళు నోరు మూసుకుని నడవాలంటే ముందు ఊరు మూసేయాలి. పెట్టెలో పెట్టి కట్టేశాను.

రోజు 2,209

ఇక మిగిలింది నడక సాల పరీక్ష. చందమామ మీద ఒంటి బరువు ఆరో వంతే కదా, నడవకపోతే ఎముకలు గుల్లబారిపోతాయి. అందుకని బళ్ళు తోయడంలాంటి బరువు పని లేనివాళ్ళంతా రోజూ భుజాల మీద స్ప్రింగుల కాడి వేసుకుని గంటన్నర నడవాలి. అక్కడ అడుగుల లెక్క చెప్పేది మా అన్నయ్య వరదరాజులు. భూమి మీద ముప్పై ఏళ్ళు డ్రిల్లు మాస్టారు. ఇక్కడికొచ్చినా ఆ పని మానలేదు. ముందు నిలబడి లెఫ్ట్ రైట్ అంటాడు, సాలంతా ఆ పిలుపుకే అడుగేస్తుంది. నిమిషానికి సరిగ్గా నూట పద్దెనిమిది అడుగులు. మాస్టారి అడుగు తప్పితే మన ఊళ్ళో నామోషీ.

అన్నయ్యకి బెల్టు కట్టి, చేతికి కడియం ఉంచి, నడవమన్నాను. పావుగంటకి చూస్తే కడియం నూట పద్దెనిమిది, బెల్టు ఎనభై నాలుగు. బెల్టు చెడిపోయిందన్నాను. తడిపి, బిగించి, మళ్ళీ కట్టాను. ఎనభై నాలుగే. మెడ మీద వేళ్ళు పెట్టి లెక్కపెట్టాను. ఎనభై నాలుగు.

మిగతావాళ్ళనీ చూశాను. ఒకరి గుండె నూట ఐదు, ఒకరిది నూట ముప్పై. కడియాలు మాత్రం అన్నీ నూట పద్దెనిమిదికి అటూ ఇటూ. చేతుల ఊపుని నాడి అనుకుంటున్నాయవి. ఊరంతా ఒకే పిలుపుకి నడుస్తూ, అందరి గుండెలూ ఒకేలా దివ్యంగా ఉన్నాయని ఆరేళ్ళు మురిసిపోయాం.

కానీ అరవై ఒక్కేళ్ళ మనిషి చెమటలు కారుతూ నడుస్తుంటే గుండె ఎనభై నాలుగేమిటి? సాల ఖాళీ అయ్యాక నిలదీశాను. కాసేపు నవ్వి తప్పించుకోబోయాడు. వదల్లేదు. అప్పుడు చెప్పాడు. గుండె లయ తప్పుతోందట, ఏడు నెలల నుంచి డాక్టర్ హైమ మాత్ర ఇస్తోందట. ఆ మాత్ర గుండెని పరుగెత్తనివ్వదు. ఎంత నడిచినా అంతకి మించి కొట్టుకోదు.

ఏడు నెలలు పక్క గదిలో ఉండి నాకు చెప్పలేదు. చెంప ఛెళ్ళుమనిపించాలనిపించింది.

రోజు 2,210

డాక్టర్ హైమ దగ్గరికి వెళ్ళి గట్టిగా అడిగాను. ఆమె తలుపు వేసి చెప్పింది. గుండె జబ్బు అని కాగితం మీద పడితే ఆ మనిషిని తిరుగు ఓడలో భూమికి పంపేస్తారు, అది ఊరి నియమం. ఓడ పైకి లేచేటప్పుడు ఒంటి మీద పడే బరువు అన్నయ్య గుండె తట్టుకోలేదు. ఇక్కడే ఉండి మాత్ర వేసుకుంటే పదేళ్ళయినా బతుకుతాడు. అందుకే ఆమె కాగితం రాయలేదు.

అంటే అన్నయ్యకి ఇన్నాళ్ళూ అన్నం పెట్టింది కడియం చేసిన తప్పు. అడుగుల్ని నాడి అనుకుని రోజూ నిండు పళ్ళెం ఇప్పించింది. బెల్టు వస్తే నిజం చెబుతుంది. ఎనభై నాలుగు అంటే పట్టిక ప్రకారం నూట అరవై కేలరీలు. సగం పళ్ళెం కూడా కాదు. ఆయన ఒంట్లో అసలే కండ లేదు.

కడియం ఉంటే మస్తాన్‌బీ పిల్ల పస్తు. బెల్టు వస్తే మా అన్నయ్య పస్తు. ఈ పరీక్ష నాకెందుకు పెట్టావురా దేవుడా అని బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను.

రోజు 2,213

మూడు రోజులు కాగితం ముందు కూచున్నాను. కొత్త కడియమే బాగుందని ఒకసారి రాశాను. చించాను. పిడి పట్టుకుని పనిచేసేవాళ్ళకి బెల్టు, మిగతావాళ్ళకి కడియం అని రాశాను. రత్నంగారు ఒప్పుకోలేదు. ఒక ఊరికి రెండు కొలతలేమిటమ్మా, రేపు కొట్టుకు చస్తారు అన్నారు. ఆయన అన్నదాంట్లోనూ తప్పు లేదు.

అన్నయ్య వచ్చి పక్కన కూచున్నాడు. చించిన కాగితాలు చూశాడు. అన్నీ అర్థమయ్యాయి ఆయనకి.

"ముప్పై ఏళ్ళు పిల్లలకి పరుగు పందేలు పెట్టాను తాయారూ. మా వాడని ఎవడికీ ఒక్క సెకను తగ్గించి రాయలేదు. నువ్వు ఇప్పుడు నాకోసం రాస్తే ఆ చంటిదాని మొహం నేనెలా చూడను?" అన్నాడు.

నీకేం, చెబుతావు, రేపు ఎండిపోయి పడుకుంటే చూడాల్సింది నేను అని కసిరాను. నా పళ్ళెంలో సగం తీసుకుంటానని మాటిస్తే రాస్తానన్నాను. సరే అన్నాడు. చాలా తొందరగా సరే అన్నాడు.

రాశాను. ఛాతీ బెల్టు. నూరు కొట్టుళ్ళకి ఒక్కటి కూడా తప్పదు. కింద సంతకం.

రోజు 2,218

బెల్టులు పంచారు. మస్తాన్‌బీకి మొదటిరోజే నిండు పళ్ళెం. భోజనశాల మధ్యలో నన్ను కావలించుకుంది. నలుగురూ చప్పట్లు కొట్టారు. అన్నయ్య కూడా కొట్టాడు. ఆయన పళ్ళెంలో రెండు గరిటెల అన్నం, ఒక గరిటె పప్పు.

పక్కవాళ్ళు మాస్టారికి ఏమైందని గుసగుసలాడారు. వయసు మీద పడిందిలే అన్నాడాయన. సాయంత్రం నా పళ్ళెంలో సగం డబ్బాలో పెట్టి ఆయన గదికి తీసుకెళ్ళాను. నేను చూస్తుండగానే తిన్నాడు.

రోజు 2,223

నాకు నీరసంగా ఉంది. రోజూ నాలుగు వందలు కరిగించి సగమే తింటే ఉండదా మరి. ఇవాళ టంకం వేస్తుంటే చెయ్యి వణికి రెండు తీగలు కాలిపోయాయి. జాకెట్టు వదులైంది. అన్నయ్య నా మణికట్టు పట్టుకుని చూశాడు. డబ్బా తీసుకోనన్నాడు. బతిమాలాను, తిట్టాను, చివరికి సగంలో సగం తిన్నాడు.

ఇలా ఎన్నాళ్ళు నడుస్తుందో తెలియదు. తిరుగు ఓడ అయిదు నెలల్లో వస్తుంది. అది వచ్చినా గండమే, రాకపోయినా గండమే.

రోజు 2,229

ఇవాళ మంచి కబురు. అన్నయ్య నాడి పెరుగుతోంది. నాలుగు రోజుల కిందట తొంభై, మొన్న నూట ఎనిమిది, ఇవాళ నూట ఇరవై నాలుగు. నిండు పళ్ళెం వచ్చింది. కాడి స్ప్రింగులు బిగించుకున్నానే, గట్టిగా నడుస్తున్నా, కండ పడుతోంది అన్నాడు. నా పక్కన కూచుని అంతా ఊడ్చుకుని తిన్నాడు. ఇక నీ డబ్బా తేవద్దని గట్టిగా చెప్పాడు.

ఈ పని ముందే చేసి ఏడవొచ్చుగా అన్నాను. ఇద్దరం చాలా రోజులకి నవ్వుకున్నాం. నేను కూడా కడుపునిండా తిన్నాను.

రోజు 2,231

నేనెంత మొద్దుదాన్ని. యంత్రాలు బాగుచేసేదాన్ని, నాడి గురించి ఊరందరికీ పాఠాలు చెప్పినదాన్ని, నాకు తట్టలేదు.

బాగుచేసిన గుండె మిషను ఇవ్వడానికి డాక్టర్ హైమ దగ్గరికి వెళితే, మీ అన్నయ్య మాత్రలకి రావడం లేదేం, ఎనిమిది రోజులైంది అంది. నాడి పెరిగింది కండ వల్ల కాదు. మాత్ర మానేశాడు.

నడక సాలలోనే పట్టుకున్నాను. అందరూ ఉన్నారని కూడా చూడలేదు. పక్కకి లాక్కెళ్ళి ఎందుకు చేశావని అడిగాను. తల వంచుకున్నాడు. నలభై తొమ్మిదేళ్ళదాన్ని, ఆయన కళ్ళకి ఇంకా చిన్నపిల్లనే.

"నీ చెయ్యి పట్టుకుంటే ఎముక తగిలింది తాయారూ. నీ అన్నం తిని నేను బతకడమేమిటి? దానికన్నా నా గుండెతోనే నా తిండి నేను సంపాదించుకోవడం నయం," అన్నాడు.

డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమె కూడా చీవాట్లు పెట్టింది. ఇన్ని నెలలు వేసుకున్న మాత్ర ఒక్కసారిగా ఆపేస్తే గుండె వెర్రెత్తుతుంది, మళ్ళీ మొదలుపెట్టినా కుదురుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది, అప్పటిదాకా నడక వద్దు అంది. మొదటి మాత్ర నా ఎదుటే మింగాడు. నోరు తెరిపించి చూశాను. నడవకపోతే రేపు రెండో పూట లేదు. లేకపోతే పీడాపాయె అన్నాను.

రోజు 2,232, పొద్దున్న

కమిటీకి వెళ్ళాను. బెల్టు తప్పు చెప్పడం లేదు, పట్టిక తప్పు అన్నాను. నాడిని తగ్గించే మాత్రలు వేసుకునేవాళ్ళు ఎంత కష్టపడినా గుండె ఎక్కువ కొట్టుకోదు, వాళ్ళకి వేరే పట్టిక కావాలి, నేనే తయారుచేస్తాను అన్నాను. రత్నంగారు కోపగించుకోలేదు. ఓపిగ్గానే విన్నారు.

"అలాంటివాళ్ళు ఎవరమ్మా? పేరు చెప్పు, మార్చుదాం," అన్నారు.

పేరు చెబితే పట్టిక మారుతుంది. ఆ పేరే తిరుగు ఓడ జాబితాలోకీ వెళ్తుంది. ఊరికే అడుగుతున్నానండీ, రేపు ఎవరికైనా వస్తే అన్నాను. అలా వచ్చినప్పుడు చూద్దాంలే అన్నారు. లేచి వచ్చేశాను. గుమ్మం దాకా వచ్చి ఒకసారి ఆగాను. ఆగినదాన్ని చెప్పేయాల్సిందేమో.

అదే రోజు, తరువాత

చెయ్యి ఆడటం లేదు. అయినా రాస్తాను, లేకపోతే పిచ్చెక్కుతుంది.

నేను కమిటీలో ఉండగా అన్నయ్య నడక సాలకి వెళ్ళాడు. పొద్దుటి బృందం పిలుపు లేక అడుగులు తప్పుతోందని ఎవరో వచ్చి అడిగారట. కాడి వేసుకోను, ఊరికే నిలబడి లెక్క చెబుతాను అన్నాడట. బెల్టు మాత్రం కట్టుకున్నాడు, సాలలో అది లేకుండా ఎవరినీ రానివ్వరు. పది నిమిషాలు లెఫ్ట్ రైట్ అన్నాడట. గొంతు ఆగిపోయిందట. సాల మొత్తం ఒక్కసారిగా ఆగి చూసేసరికి నేల మీద ఉన్నాడు.

నేను వెళ్ళేసరికి డాక్టర్ గదిలో పడుకోబెట్టారు. స్పృహ ఉంది. నాడి నూట తొంభై రెండు. హైమ బెల్టు తీయనివ్వలేదు, తన మిషను కన్నా ఇదే బాగా చూపిస్తోంది, ఉండనీ అంది. సూది ఇచ్చింది. నూట ఎనభై ఆరు. ఇంకో సూది. నూట తొంభై. పడుకున్న మనిషి, వేలు కూడా కదపడం లేదు, లోపల గుండె ఒక్కటే పరుగెత్తుతోంది. నేను చెయ్యి పట్టుకుని కూచున్నాను. దాహం అన్నాడు. తడిగుడ్డతో పెదాలు తుడిచాను. పొద్దుటి బృందం నడక పూర్తిచేసిందా అని అడిగాడు. చేసిందన్నాను. చేయలేదు, అందరూ తలుపు బయటే ఉన్నారు.

రెండు గంటల పది నిమిషాలు అలాగే కొట్టుకుంది. తరువాత బెల్టు సున్నా చూపించింది. హైమ మెడ మీద వేళ్ళు పెట్టి చూసింది. నేనూ పెట్టి చూశాను. బెల్టు చెప్పింది నిజమే.

రోజు 2,233

నిన్న జరిగిందింకా ఒకటి ఉంది. రాయక తప్పదు.

రెండో పూట గంట కొట్టాక భోజనశాల నుంచి మనిషి వచ్చి వరదరాజులుగారి భోజనం ఎవరు తీసుకుంటారని అడిగాడు. అతనికి ఇంకా తెలియదు. చేతిలో చీటీ. వరదరాజులు, పదమూడు వందల ఎనభై ఆరు కేలరీలు. నిండు పళ్ళెం ఒకటి. వెయ్యి దాటింది కాబట్టి, బయట రాళ్ళు తవ్వేవాళ్ళకి ఇచ్చే అదనపు పళ్ళెం ఒకటి.

బెల్టు లెక్కపెట్టింది. ఒక్క కొట్టుడు తప్పకుండా లెక్కపెట్టింది. మా అన్నయ్య ప్రాణం పోతుంటే ఆ రెండు గంటలూ వ్యాయామం అని రాసుకుంది. అంత కచ్చితమైనదాన్ని ఏరి కోరి తెచ్చింది నేనే.

రెండు పళ్ళేలూ చెరో చేత పట్టుకుని కమిటీ వాళ్ళ బల్ల దగ్గరికి వెళ్ళాను. వాళ్ళు ముగ్గురూ భోజనానికి కూచున్నారు. వాళ్ళ ముందు పెట్టాను.

"ఇవాళ లోపలూరులో అందరికన్నా ఎక్కువ కష్టపడింది మా అన్నయ్యేనట, మీ పట్టిక చెబుతోంది. పడుకుని కష్టపడ్డాడు. పొద్దున్న మీరు పేరు అడిగారు, నేను చెప్పలేదు. ఆయన పేరే. ఇప్పుడు తినండి," అన్నాను.

ఎవరూ చెయ్యి పెట్టలేదు. రత్నంగారు చీటీ తీసుకుని చదివారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పట్టిక రేపే మారుస్తామమ్మా, ఓడ నియమం కూడా ఎత్తేస్తాం, ఇలా గుట్టుగా మాత్రలు మింగేవాళ్ళు ఇంకెవరైనా ఉంటే భయపడొద్దని చెప్పు అన్నారు. వరసలో నిలబడ్డవాళ్ళలోంచి ఇద్దరు అక్కడికక్కడే చేతులెత్తారు. ఒకరు మా బల్ల పక్కనే పనిచేసే మనిషి. ఒక్కరోజు. ఒక్కరోజు ముందు ఎత్తి ఉంటే.

తరువాత అందరూ వెళ్ళిపోయారు. నేను, రెండు పళ్ళేలు మిగిలాం. తిండి పారేయడం మన ఊళ్ళో కుదరదు, వెనక్కి పెట్టడమూ కుదరదు. మస్తాన్‌బీ వచ్చి పక్కన కూచుంది. నువ్వు తిను, పాలు పడతాయి అన్నాను. తల అడ్డంగా ఊపింది. మాస్టారిది నేను తినలేనక్కా అంది.

అన్నం ఇంకా వెచ్చగానే ఉంది. పప్పులో వెల్లుల్లి వేశారు. వాసన తగిలేసరికి నా కడుపు గట్టిగా అరిచింది, పక్కన కూచున్న పిల్లకి కూడా వినబడింది. సిగ్గుతో చచ్చిపోయాను. మొన్న రెండు రోజులు నిండా తిన్నంత మాత్రాన తీరే ఆకలి కాదది. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఇంకో ముద్ద. ఏడుస్తూనే తిన్నాను, ఆపుదామన్నా చెయ్యి ఆగలేదు. రెండు పళ్ళేలూ ఖాళీ చేశాను. చాలా రుచిగా ఉంది.